ముంగిటి లారీలు



ఏటియొడ్డున నున్న యొక పల్లెనుండి మా కొక జాబు వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరుగాని, యూరి పేరుగాని ప్రకటింపవలదని కోరినది గనుక ప్రకటింపము. ఆమె చెప్పుకొన్న బాధ మన పాఠకురాండ్రలో ననేకుల వాకిళ్ళ ముందు నిత్యము జరుగుచున్నదే. కావున నీ మాసము మాకు దొరకిన పుటలన్నియు దానికే వినియోగింప దలచితిమి.

ఆమె యిల్లు ఏటికి బోవు బాట ప్రక్కనే యున్నది. ఆ బాటపై ఇసుక లారీలు రాత్రియనక పగలనక తిరుగుచున్నవట. తెల్లవారుజామున కల్లాపి చల్లి ముగ్గు పెట్టిన గడియలోపలనే ముగ్గు కనబడకుండ దుమ్ము పేరుకొనుచున్నది. వేసవిలో నెండబెట్టిన వడియములు, ఊరమిరపకాయలు పండ్లక్రింద గరగరలాడుచున్నవి. మట్టిగోడలు బీటలు వారినవి. నడురేయి గూటిలోని గిన్నెలు గలగలలాడగా ఉయ్యాలలోని బిడ్డ యులికిపడి లేచుచున్నది. తోడిన తడి యిసుకనుండి నీరు కారి బాటంతయు బురదయగును. ఎండినంతనే యా బురదయే ధూళియగును. ముదుసలి యత్తగారు నీళ్ళబిందెతో బాట దాటుటకు ఎంతోసేపు నిలువవలసి వచ్చుచున్నది. పిల్లలు బడికి బోవు వేళనే లారీల రద్దీ హెచ్చు.

ఊరివారు కలెక్టరుగారి కొక అర్జీ వ్రాసికొని, సంతకము చేయుమని యామె నడిగిరి. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆమె మరిది ఆ యిసుక రేవులోనే లెక్కలు వ్రాయు గుమాస్తా. అతని జీతముతోనే అత్తగారి మందులు వచ్చుచున్నవి. సంతకము చేసిన ఇంట పోరు. చేయకున్న పిల్లల ప్రాణములకు పూచీ యెవరు? మీరేమందురని యామె మమ్ము నడిగినది.

ప్రశ్న చిన్నది కాదు. పదిమంది యిండ్లు కట్టుకొనుటకు ఇసుక కావలయును. ఇసుక నడచి రాదు. లారీ యనిన వెంటనే దయ్యమును జూచినట్లు చూచుట న్యాయము గాదు. ఐనను ఆ బండి యెంత బరువు మోయుచున్నదో, ఏ బాటపై మోయుచున్నదో తెలిసికొన్నగాని న్యాయమేదో తేలదు. వంటలో ఉప్పు తూచుకొను మనకు ఈ లెక్క కష్టమైనది కాదు.

2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన క్రింద మన పల్లెలకు పడిన బాటలలో బండ్లు నడచు తారుభాగపు వెడల్పు సామాన్యముగా 3.75 మీటర్లు, రాకపోకలు తక్కువయైన చోట 3 మీటర్లే. లారీ వెడల్పు రమారమి రెండున్నర మీటర్లు. రెండు లారీలు ఎదురుపడినచో తారుపై ఇముడజాలవు. ఒకటి యంచు దిగవలెను. ఆ యంచుననే మన పిల్లలు నడతురు, ఆ యంచుననే మన వాకిలి మెట్లు ఉండును. తప్పు డ్రైవరుది కానక్కరలేదు. బాట కొలతలోనే ప్రమాదము దాగియున్నది.

ఇక బరువు. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము లారీల యిరుసులపై మోయదగిన బరువును హెచ్చించినది. నాలుగు టైర్ల యొంటి యిరుసునకు 10.2 టన్నులుండగా 11.5 టన్నులు చేసిరి. మూడిరుసుల లారీ, సరకుతో గూడ 25 టన్నులకు మించరాదని యుండగా 28.5 టన్నులైనది. ఇది చట్టము ఒప్పుకొన్న బరువు. ఏటిలో నిసుకను కాటాపై తూచి యెత్తుట యరుదు. కంటితో జూచి యెత్తుదురు. తడి యిసుక పొడి యిసుకకంటె బరువు. డబ్బా అంచులకు పైగా పలకలు కట్టి గోపురమువలె నింపిన బండి బరువెంతో ఆ యేటికే తెలియవలెను.

బరువు కొంచెము హెచ్చిన నేమి యని కొందరందురు. ఇచ్చట నొక విచిత్రమున్నది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున, ఒట్టావా పట్టణము చెంత, 1958 మొదలు 1960 వరకు పనిగట్టుకొని బాటలు వేసి, సైనికులచే లారీలు పగలును రేయియు నడిపించి, ఏ బరువునకు బాట యెంత చెడునో పరీక్షించిరి. తేలిన దేమన, ఇరుసుపై బరువు రెండింతలైనచో బాటకు తగులు దెబ్బ రెండింతలు గాదు, రమారమి పదునారింతలు. రెండును రెండుచే, మరల రెండుచే, మరల రెండుచే హెచ్చించినట్లు. ఈ లెక్క చొప్పున బరువు ఒకటిన్నర యింతలైనచో దెబ్బ అయిదింతలగును. 2018లో హెచ్చించిన ఆ టన్నుంబావు కారణముగానే ఒక్కొక్క యిరుసు తీయు దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటినది. అర టన్ను ఇరుసుగల చిన్న కారుతో బోల్చినచో, పది టన్నుల యిరుసు బరువున ఇరువది రెట్లు. బాటను చెరచుటలో లక్షా అరువది వేల రెట్లు. ఊరిలోని కార్లన్నియు ఏడాదియంతయు తిరిగి చేయలేని పని నొక లారీ యొక్క పూటలో చేసిపోవును. ఆ గుంతలు పూడ్చు సొమ్ము ఇసుక బిల్లులో నుండదు. పంచాయతీ పద్దులో నుండును, లేదా గర్భిణిని ఆసుపత్రికి దీసికొనిపోవు ఆటో కుదుపులలో నుండును.

బరువు తగ్గింపుడనిన లారీవారు వెంటనే యొక మాట యందురు: "అమ్మా, బరువు తగ్గించిన ట్రిప్పులు పెరుగును, అప్పుడు మీకు దుమ్ము మరింత గదా?" ఈ మాటలో సత్యమున్నది, త్రోసివేయరాదు. రెండింతల బరువుగల యొక లారీ బాటకు పదునారు దెబ్బలు తీయునెడ, తగిన బరువుగల రెండు లారీలు రెండు దెబ్బలే తీయును. బాట మాట వరకు మేలే. కాని బాట దాటు పిల్లవానికి ఒక లారీకంటె రెండు లారీలు ముప్పు. కావుననే బరువు మాత్రమే యడిగిన చాలదు, వేళయు నడుగవలెను.

వేళ యేల యనగా వినుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బోవు బండి యొక్క సెకనులో 11 మీటర్లు పోవును. మా యింటివారు తమ బడి యావరణలో సుద్దముక్కతో 11 మీటర్లు గీసి, యొక పిల్లవానిని చప్పట్లు కొట్టి "ఒకటి" యనుమని, అంతలో లారీ యిక్కడినుండి యక్కడకు వచ్చునని చూపిరి. పిల్లలు నిశ్శబ్దులైరి. డ్రైవరు పిల్లవానిని జూచి, కాలు బ్రేకుపై మోపులోపలనే యా దూరము గడచిపోవును. బండి యాగుట యటుపైన మాట. అంతేకాదు, ఎత్తైన క్యాబినులో కూర్చున్నవానికి బండి ముక్కుకు దగ్గరగా నిలిచిన పొట్టిబిడ్డ కనబడనే కనబడడు. మనకు లారీ యంతయు కనబడుచున్నది గనుక లారీకి మనము కనబడుచున్నామని తలచుట పెద్ద భ్రాంతి. మీ పిల్లలకు నేడే చెప్పుడు.

డ్రైవరు మీద కోపము వలదు. అతనికి ట్రిప్పు లెక్కను కూలి ముట్టును. ఎన్ని తిరిగిన అన్ని రూకలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలకు, వారమునకు 48 గంటలకు మించి పని వలదన్నది. ఆ చట్టము ఇసుక బాటపై నెంత నడచినదో, రాత్రి రెండు గంటలకు ఎఱ్ఱబడిన కన్నులతో టీ త్రాగు డ్రైవరును జూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అతని భార్యయు మనవంటి యొక గృహిణియే. ఆమె నిద్రయు మన నిద్రవలెనే చెడుచున్నది.

2017వ సంవత్సరములో నాలుగు నెలల వ్యవధిలోపల మూడు చోట్ల జరిగిన సంగతులు చెప్పెదము. మూడింటను ఊరివారు కోరినది లారీల దారి గూర్చియు, త్రవ్వకముల గూర్చియు న్యాయమే. మూడింటను ఫలితము వేరు.

మొదటిది గోవాలోనిది. సత్తరి తాలూకాలో సోన్షీ యను చిన్న గ్రామము ఇనుప ఖనిజపు గనుల నడుమ నున్నది. గనులనుండి ఖనిజము మోయు లారీలు వందలకొలది ఆ యూరి బాటనే పోవుచుండెను. ఎఱ్ఱదుమ్ము ఇంటిలో, బావిలో, అన్నములో. ఏప్రిల్ నెలలో ఊరివారు బాట కడ్డముగా కూర్చుండి లారీల నాపిరి. పోలీసులు నలువదిమందికి పైగా పట్టుకొనిరి. వారిలో స్త్రీలు పెక్కుమంది. జామీను కట్టక వారు చెరసాలలోనే యుండిరి. ఒక చిన్న యూరిలో తల్లులును తండ్రులును నొకమారే చెరసాలకు బోయిన ఆ యిండ్లలో పొయ్యి యెవరు రాజేసిరో మీరే యూహింపుడు. ఆ గ్రామపు గోడు గోవాలోని బొంబాయి ఉన్నత న్యాయస్థానపు శాఖ విచారణకు వచ్చినది. సుప్రీముకోర్టు తీర్పు ననుసరించి 2018 మార్చి 15 తరువాత గోవాలో గనులే యాగిపోయినవి. అది లీజుల పునరుద్ధరణ గూర్చిన వేరు వ్యాజ్యము. సోన్షీ స్త్రీలు కోరినది గనులు మూయుమని కాదు, మా వాకిటి ముందు నుండి పోవలదని.

రెండవది మన యింటిదే. నాటి చిత్తూరు జిల్లా యేర్పేడు. స్వర్ణముఖి యేటిలో ఇసుక త్రవ్వుచున్నారని, త్రవ్వకములచే తమ బావులు ఎండునని మునగలపాలెపు రైతులు మొఱపెట్టుకొనుటకై 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీసు స్టేషనుకు వచ్చిరి. బాట ప్రక్కన గుమిగూడి తమ మాట చెప్పుకొనుచుండగా నొక లారీ అదుపు తప్పి, విద్యుత్ స్తంభమును గూల్చుచు వారిమీదికి వచ్చినది. పదిమందికి మించి యచ్చటనే ప్రాణములు విడిచిరి. కొందరు చక్రముల క్రింద, కొందరు తెగిన తీగెల వలన. ఇసుకను గూర్చి ఫిర్యాదు చేయ వచ్చినవారు లారీ క్రింద పడిరి. ఈ వాక్యము వ్రాయుటకు మా చేయి యాడుట లేదు. ఫిర్యాదు చేయువారు నిలుచుటకైన చోటు బాట కెడముగా నుండినయెడల! ఒక పల్లెలో నన్ని యిండ్లలో నొకే దినమున దీపము వెలుగకపోయిన సంగతిని పత్రికలు వారము దినములు వ్రాసి యూరకుండినవి. ఆ యిండ్ల గృహిణులకు అది వారముతో ముగియలేదు. సాగు భూమి పట్టాలో పేరు మార్పించుకొనుట, బ్యాంకు అప్పు, పిల్లల చదువు, ఇవన్నియు పుట్టినింటినుండి వచ్చిన యొక్క పెద్దదిక్కు లేని స్త్రీకి ఎంత బరువో, ఆ బరువునకు కాటా యే రేవునను లేదు.

మూడవది తెలంగాణములో, రాజన్న సిరిసిల్ల జిల్లాలో. జూలై 2న నేరెళ్ళ ప్రాంతమున ఇసుక లారీ యొక మనుష్యుని బలిగొనగా, అంతకుముందు నుండియు లారీలచే వేసారియున్న జనులు ఆగ్రహించి లారీలకు నిప్పు పెట్టిరి. పోలీసులు కొందరు యువకులను పట్టుకొనిపోయిరి. వారిలో దళితులు హెచ్చు. తమ్ము క్రూరముగా గొట్టిరని వారు చేసిన ఆరోపణ హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము వరకును పోయినది. లారీలకు నిప్పు పెట్టుటను మేము మెచ్చము. ఆ బండిపై నప్పు చేసినవాడును నొక గృహస్థే. కాని నిప్పు పెట్టిన దినమునుండియే కథ చెప్పుట మొదలిడినచో కథ తప్పగును. ఇది యొకటే మేము చెప్పదలచినది: అర్జీలు చదువబడిన యూళ్ళలో నిప్పు రాజుకొనుట యరుదు.

కావున మా సోదరికి మా సలహా యేమనగా, సంతకము చేయుము; కాని చేయుటకు ముందు అర్జీలో నేమి వ్రాసిరో చదువుము. "ఇసుక రేవు మూయింపవలయును" అని మాత్రమే యున్నచో నది ఫలింపదు, నీ మరిదితో వైరమును తెచ్చును. దానిని తిరుగ వ్రాయింపుము. వేళ, బరువు, దారి యను మూడింటిని గూర్చి యడుగుము. పిల్లలు బడికి బోవు గంట, వచ్చు గంట లారీలు ఊరిలోనికి రావలదు. కాటా చీటీ లేని బండి యూరు దాటవలదు. ఇసుకపై పట్టా కప్పవలెను. ఊరి వెలుపలనుండి వేరు బాట తీయు వరకు ఊరిలో వేగము తగ్గింపవలెను. ఇందు మరిది జీతమునకు వచ్చిన ముప్పేమి? బరువు తగ్గి ట్రిప్పులు పెరిగినచో గుమాస్తాకు వ్రాత పెరుగునే గాని తరుగదు. ఈ మాట అతని కన్నము వడ్డించుచు నెమ్మదిగా చెప్పుము. "నాయనా, నీ అన్నకొడుకును బడికి నీవొక్కనాడు నడిపించి తీసికొనిపోయి రమ్ము" అనుము. అంతకు మించి వాదింపనక్కరలేదు. సంతకము మాత్రము నీ పేరనే చేయుము. భర్త సంతకము క్రింద నీదియు నున్నట్లే యని యూరకుండవలదు.

ఇవి కోరిక లనుకొనుచున్నారేమో; చట్టములోని మాటలే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 115వ సెక్షను ప్రకారము ప్రజల క్షేమము కొరకుగాని, బాటయొక్కయు వంతెనయొక్కయు స్థితిని బట్టిగాని, ఏదేని బాటపై నొక జాతి వాహనములను నిషేధించుటకు, షరతులు విధించుటకు రాష్ట్ర ప్రభుత్వమునకును, అది యధికార మొసంగిన వారికిని అధికారము కలదు. ఇందొక మెలకువ మనవారు గమనింపరు. నిషేధము ఒక నెలకు మించనిదైనచో గెజెటు ప్రకటనయు నక్కరలేదు; స్థానికముగా చాటించిన చాలును. అందుచే శాశ్వతముగా ఆపుమని యడిగి కాదనిపించుకొనుటకంటె, "పిల్లల పరీక్షల నెల యొక్కటి ఉదయము, సాయంకాలము బడి వేళల నాపి చూడుడు" అని యడిగిన, అధికారి త్రోసివేయుట కష్టము. ఒక నెల నడచిన యేర్పాటును రెండవ నెల కొనసాగించుట సులభమని కోడళ్ళుగా వచ్చి యత్తవారింట నొక్కొక్క యలవాటును నిలిపికొన్న మనకు తెలియనిది గాదు.

అధిక బరువునకు 194వ సెక్షను క్రింద 2019 సవరణ 20 వేల రూపాయల జుల్మానా విధించినది. హెచ్చిన ప్రతి టన్నునకు మరి రెండేసి వేలు. 114వ సెక్షను క్రింద బండిని తూయించి, మించిన సరకును దింపించు నధికారమును కలదు. ఏటి యిసుక కైనను 2012 ఫిబ్రవరి 27 నాటి సుప్రీముకోర్టు తీర్పు తరువాత చిన్న లీజులకు గూడ పర్యావరణపు అనుమతి తప్పనిసరియైనది. ఆ యనుమతి పత్రములలో పట్టా కప్పవలెననియు, బరువు మించరాదనియు, బాటపై నీళ్ళు చల్లవలెననియు షరతులు వ్రాయుట పరిపాటి. మీ రేవునకు వ్రాసిన షరతులేవో మీరు చదువవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తెల్లకాగితముపై నడిగిన ముప్పది దినములలో ప్రతి నీయవలయును. గ్రామ స్థాయి కార్యాలయములో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. అగ్గిపెట్టెలు కొన్నంత ఖర్చు.

మరియొక సాధనము మన చేతిలోనే యున్నది. పాల పద్దు, చాకలి పద్దు తప్పులేక వ్రాయు గృహిణి లారీల పద్దు వ్రాయలేదా? బాట ప్రక్క యిండ్ల స్త్రీలు నలుగురు గంటలు పంచుకొని, పదునైదు దినములు, ఏ వేళ నెన్ని లారీలు పోయినవో, ఎన్ని నిండుగా పోయినవో, ఎన్నింటిపై పట్టా లేదో వ్రాసిన చాలును. "లారీలు చాల తిరుగుచున్నవి" యను మాట అధికారులు దినమునకు పదిమార్లు విందురు. "మంగళవారము ఎనిమిదిన్నర మొదలు తొమ్మిదిన్నర వరకు ఇన్ని" యను మాట విననట్లు నటించుట కష్టము. పద్దు వ్రాయువారు ఇంటి యరుగుమీదనుండియే వ్రాయుడు. బాటలోనికి దిగి బండ్ల నాపుట, డ్రైవర్లతో తగవులాడుట మన పని కాదు; ఏర్పేడును మరువవలదు.

ఆ పద్దును గ్రామసభలో చదువుడు. రాజ్యాంగపు 73వ సవరణ 1993లో అమలులోనికి వచ్చిన తరువాత పంచాయతీలలో స్త్రీలకు మూడవవంతు స్థానములు ఏర్పడినవి; మన రెండు తెలుగు రాష్ట్రములలోను నేడు సగము. సర్పంచి స్త్రీ యైన యూళ్ళలో ఆమె భర్తయే బల్ల యెదుట కూర్చుండుట మేమెరుగుదుము. ఆ యూళ్ళలో పద్దు సర్పంచమ్మ చేతికే యీయుడు, భర్త చేతికి గాదు. గనులచే బాధపడు ప్రాంతముల మేలుకై 2015 సవరణచే ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషను నిధి యొకటి కలదు. ఊరి వెలుపలి బాటకు సొమ్మెక్కడిదని యడుగువారికి ఆ నిధి పేరు చెప్పుడు.

స్త్రీలు చెప్పిన నెవరు విందురని నిరుత్సాహపడు వారుందురు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రిబడికి బోయి అక్షరములు నేర్చిన స్త్రీలు తమ యూరి సారా దుకాణము తమ యూరనుండి పోవలెనని మాత్రమే యడిగిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. తరువాతి చరిత్ర యెట్లున్నను ఆ మొదటి యడుగు తమ వీధిలోనిదే.

అరణ్యపర్వములో అష్టావక్రుని కథ మన పాఠకురాండ్రు చదివియే యుందురు. ఆ వంకర కాళ్ళ బాలుడు జనకమహారాజును త్రోవలో నెదుర్కొని, దారి యెవరి దెవరిదో చెప్పుచు, అంధునికి, బధిరునికి, స్త్రీకి, బరువు మోయువానికి చెప్పిన తరువాతనే రాజు పేరెత్తినాడు. రాజు కోపింపలేదు, తొలగి దారి యిచ్చినాడు. బరువు మోయువాని పేరుగూడ నున్నది గదా యని లారీ యజమానులు సంతోషింప నక్కరలేదు. అచ్చట చెప్పినది తలమీద మోపుతో నడచు మనుష్యుని గూర్చి. పది చక్రములపై గూర్చుండి బూరయూదు వానిని గూర్చి వ్యాసులవారు వ్రాసినట్లు మాకు కనబడదు.

తుదకు పట్టణములలో క్రొత్తగా నిల్లు కట్టుకొను సోదరీమణులతో రెండు మాటలు. మీ గోడలోని యిసుక యే పల్లె వాకిలి ముందునుండియో వచ్చినది. ఆంధ్రప్రదేశములో 2024 జూలై నుండి ఉచిత యిసుక విధానము వచ్చినది. ఇసుకకు వెల లేకపోయినను త్రవ్వు కూలియు, బండి కిరాయియు నున్నవి. కిరాయి కలిసి రావలెనని యొకే బండిలో నెక్కువ నింపుదురు. ఏటి యిసుక మాని రాతి యిసుక వాడినను చిక్కు వీడదు. క్రషరు చెంతనున్న పల్లె బాటపై నా లారీలే తిరుగును. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల నెక్కిన మరల దిగదు. కావున ఇంటి లెక్కలు మీరు చూచుచున్నచో, ఇసుక వచ్చిననాడు వే బిల్లును, కాటా చీటీని చేతికడిగి పుచ్చుకొనుడు. చీటీలోని బరువునకు, దింపిన రాశికి పొంతన యున్నదో లేదో మేస్త్రి నడుగుడు. అతడు చూపుతోనే చెప్పగలడు. బండి రాత్రి రెండు గంటలకు కాక పగటిపూట, అదియు బడిగంట గడచిన తరువాత పల్లెనుండి బయలుదేరునట్లు ముందుగానే మాటాడుకొనుడు. పని యొక పూట యాలస్యమైనదని మేస్త్రి గొణుగును. గొణుగనిండు.